సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్
వర్తకుని సొమ్ము దేశానికి ఎట్లా ఉపకరించినదో తెలిపే జీవితం

వర్తకుని గూర్చి లోకంలో రెండు మాటలు వినిపిస్తూ ఉంటాయి. పండించేవాడు రైతు, నేసేవాడు సాలెవాడు, మధ్యను కూర్చుండి లాభం తినేవాడు వర్తకుడు అన్నది ఒకటి. వర్తకుడు లేకపోతే రైతు గింజ ఊరి పొలిమేర దాటదు, సాలెవాని బట్ట సంతకు చేరదు అన్నది రెండవది. రెండింటిలోను కొంత నిజమున్నది. అయితే ఈ రెండు మాటలూ చెప్పని సంగతి మరొకటి ఉన్నది. వర్తకుని పెట్టెలో చేరిన సొమ్ము తిరిగి ఎక్కడికి పోతున్నది అన్నదే ఆ సంగతి. అది వడ్డీకి పోయి వడ్డీతో తిరిగివస్తే ఆ ఇంటికి లాభం. అదే సొమ్ము రైలుబాటగాను, ఓడగాను, కర్మాగారంగాను మారితే ఇంటితోపాటు దేశానికి కూడ లాభం. ఈ మార్పు చెప్పినంత సులభం కాదు. ఎన్ని నష్టాలు, ఎన్ని అడ్డంకులు దాటితే అది సాధ్యమవుతుందో తెలుసుకోగోరేవారికి సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ గారి జీవితం మంచి పాఠం.

పుట్టిన ఇల్లు

వాల్‌చంద్‌గారు 1882 నవంబరు 23వ తేదీన షోలాపూరులో జన్మించారు. ఆయన పూర్వులు సౌరాష్ట్రంనుంచి వచ్చి మహారాష్ట్రంలో స్థిరపడిన దిగంబర జైనులు. ఇంటిపేరు దోషీ. తండ్రి హీరాచంద్ నేమచంద్ గారు పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసేవారు. ఆయన వ్యాపారంతో తృప్తిపడి ఊరుకున్నవారు కారు. సంఘంలో విద్య వ్యాపించవలెనని, దురాచారాలు పోవలెనని పాటుపడ్డారు. జైన బోధక్ అనే మరాఠీ పత్రికను స్థాపించి నడిపారు. వాల్‌చంద్‌గారు పుట్టిన కొద్దిరోజులకే తల్లి కాలం చేసినది. తల్లి లేని పిల్లవాడు ఉమ్మడి కుటుంబంలో పెరిగాడు.

ఆ కాలంలో షోలాపూరు పెరుగుతున్న పట్టణం. బట్టల మిల్లులు లేస్తున్నవి. తెలుగు దేశంనుంచి వలసవచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ మగ్గాలు వేసుకొని బ్రతుకుతున్నవి. పత్తి కొనేవారు, నూలు అమ్మేవారు, అప్పులిచ్చేవారు అన్ని జాతులవారూ అక్కడ కలిసేవారు. అట్టి ఊరిలో పుట్టిన పిల్లవానికి సరుకు ఎట్లా పుడుతుందో, ఎట్లా కదులుతుందో చూచి నేర్చుకోవడానికి వేరే బడి అక్కరలేదు. వాల్‌చంద్‌గారు షోలాపూరులో మెట్రిక్యులేషను ముగించి, బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కాలేజీలోను, పూనాలోని దక్కన్ కాలేజీలోను కొంతకాలం చదివారు. పట్టం చేతికి రాకుండానే చదువు ఆగిపోయినది. ఇక ఇంటి వ్యాపారంలో ప్రవేశించారు.

తండ్రితాతల వ్యాపారం నమ్మకమైనది. పత్తి ధర ఒక ఏడు పడితే మరుసటి ఏడు లేస్తుంది. వడ్డీ సొమ్ము నిద్రపోతున్నా పెరుగుతుంది. ఐనా వాల్‌చంద్‌గారి మనస్సు దానిమీద నిలువలేదు.

రైలు కంట్రాక్టులు

ఆ రోజులలో లక్ష్మణరావు బళవంత ఫాటక్ అనే ఆయన రైల్వేలో గుమాస్తా ఉద్యోగం మాని కంట్రాక్టు పనులు చేయాలని చూస్తున్నారు. ఆయనకు పని తెలుసు, పెట్టుబడి లేదు. వాల్‌చంద్‌గారికి పెట్టుబడి ఉన్నది, పని తెలియదు. ఇద్దరూ కలిసి ఫాటక్-వాల్‌చంద్ అనే పేరుతో భాగస్వామ్యం పెట్టారు. బార్సీ లైట్ రైల్వే అనే చిన్న బాట పొడిగింపులో కొద్ది మైళ్ళ పని వారికి మొదట దొరికినది.

వడ్డీ వ్యాపారం చేసే ఇంటిలోనుంచి వచ్చినవాడు మట్టిపని, రాతిపని పట్టడం ఆనాటికి కొత్త. వడ్డీ వ్యాపారికి తాకట్టు ఉంటుంది, పత్రం ఉంటుంది, సాక్షులుంటారు. కంట్రాక్టరుకు అటువంటి రక్షణ ఏదీ లేదు. ముందుగా కూలీలకు డబ్బు పోయాలి, సామాను తేవాలి. వాన వచ్చి కట్ట తెగితే నష్టం తనదే. పని పూర్తిచేసి కొలత వేయించుకొన్నాకనే బిల్లు వస్తుంది. ఇంత జంకు ఉన్న పనిని వాల్‌చంద్‌గారు కోరి తీసుకున్నారు. ఆ పనిలో చెయ్యి తిరిగిన తరువాత పెద్ద పనులు వచ్చినవి. తరువాత టాటావారితో కలిసి పనిచేశారు. బొంబాయి-పూనా మార్గంలో భోర్ ఘాటు కొండలలో రైలు సొరంగాలు, తాన్సా చెరువునుంచి బొంబాయి నగరానికి నీళ్ళ గొట్టాలు, సింధునదిపై కాలాబాగు వంతెన, బర్మాలో ఐరావతిపై వంతెన ఆయన కంపెనీల పనులలో ముఖ్యమైనవి. 1926లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఏర్పడినది. టాటావారు తమ వాటాలు ఆయనకే అమ్మివేయగా 1935లో ఆ పాత కంపెనీ ప్రీమియర్ కన్‌స్ట్రక్షన్ అయినది.

అంతకు పూర్వం ఇటువంటి పెద్ద పనులు ఇంగ్లీషు కంపెనీలకే పోయేవి. మనవారు వారి కింద ముక్కలుముక్కలుగా పని తీసుకొని కూలి మిగుల్చుకొనేవారు. పైలాభం సీమకు చేరేది. లాభం ఒక్కటే కాదు, సొరంగం తవ్వే నేర్పు, వంతెన నిలిపే లెక్క కూడ వారి దగ్గరే ఉండేవి. స్వదేశీ కంపెనీ ఆ పని పట్టిన తరువాత ఆ నేర్పు ఇక్కడి ఇంజనీర్లకు, మేస్త్రీలకు అబ్బినది. సొమ్ము ఖర్చయిపోతుంది కాని చేతికి వచ్చిన పని పోదు.

సముద్రం మీదికి

వాల్‌చంద్‌గారి పేరు దేశమంతటా తెలియడానికి కారణం ఓడల వ్యాపారం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులలో ఆయన ఢిల్లీనుంచి బొంబాయికి రైలులో వస్తుండగా, గ్వాలియరు మహారాజుగారి లాయల్టీ అనే ఓడ అమ్మకానికి ఉన్నదని తోటి ప్రయాణీకుడైన ఒక ఆంగ్లేయునివల్ల తెలిసినదని చెబుతారు. అది పూర్వం ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అనే పేరుతో కెనడా కంపెనీకి చెందిన ప్రయాణీకుల ఓడ. మహారాజుగారు దానిని కొని యుద్ధంలో గాయపడిన సిపాయీలకు ఆసుపత్రి ఓడగా ఇచ్చారు. వాల్‌చంద్‌గారు, నరోత్తం మొరార్జీ, కిలాచంద్ దేవచంద్, లల్లూభాయి సామళదాస్ గారలు కలిసి ఆ ఓడను కొన్నారు. 1919 మార్చి 27వ తేదీన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఏర్పడినది. ఏప్రిల్ 5వ తేదీన లాయల్టీ బొంబాయినుంచి లండనుకు బయలుదేరినది. స్వతంత్ర భారతదేశం ఆ తేదీనే 1964నుంచి జాతీయ నౌకా దినంగా జరుపుకొంటున్నది.

అయితే లెక్క ప్రకారం చూస్తే ఆ ఓడ లాభసాటి బేరం కాదు. అది పాతది. నడిపేందుకు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. నాలుగేళ్ళలోనే, 1923లో, దానిని తుక్కుకింద అమ్మివేయవలసి వచ్చినది. కాని కంపెనీ నిలిచినది. సరుకుల ఓడలు కొని, మన తీరం వెంబడి, బర్మాకు రాకపోకలు ప్రారంభించినది.

ఇక్కడ ఓడల వ్యాపారంలోని కిటుకు ఒకటి చెప్పుకోవాలి. రంగూను బియ్యం, కలప మనకు రావడం, మన సరుకు అక్కడికి పోవడం ఓడలమీద. కాకినాడనుంచి, విశాఖపట్నంనుంచి మన తెలుగు కూలీలు వేలకొలది రంగూనుకు పోయినది ఓడలమీద. ఆ ఓడలలో అత్యధికం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. దానికి పెద్ద ఇంచ్‌కేప్ ప్రభువు. కేవు ఎంత అన్నది వారు చెప్పినదే వేదం. వర్తకుడు తన సరుకంతా వారి ఓడలలోనే వేస్తే కొన్ని నెలల తరువాత కేవులో కొంత భాగం తిరిగి ఇచ్చే పద్ధతి ఉండేది. మధ్యలో పరాయి ఓడలో సరుకు వేసినట్లు తెలిస్తే ఆ సొమ్ము దక్కదు. దానితో వర్తకునికి కాళ్ళకు బంధం పడ్డట్టే. కొత్త కంపెనీ వస్తే కేవు ఒక్కసారిగా తగ్గించివేస్తారు. కొత్తవాడు నష్టం ఓర్వలేక లేచిపోతాడు. తరువాత కేవు మళ్ళీ పైకి ఎక్కుతుంది. 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ళెగారు స్థాపించిన స్వదేశీ ఓడల కంపెనీ ఈ పోటీవల్లను, ప్రభుత్వ నిర్బంధంవల్లను నిలువలేకపోయినది.

సింధియా కంపెనీకి కూడ ఇదే కష్టం వచ్చినది. కేవుల పోటీలో వాటాదారులకు లాభం కనబడకుండా పోయినది. కంపెనీని కొనివేయడానికి ఇంచ్‌కేప్ పక్షం ముందుకు వచ్చినది. ఆ సమయంలో అమ్మివేసి ఉంటే పెట్టిన సొమ్ము తిరిగి వచ్చి ఉండేది. వర్తక ధర్మం ప్రకారం తప్పు పట్టడానికి వీలు లేదు. కాని వారు అమ్మలేదు. చివరకు 1923లో ఒక ఒడంబడిక కుదిరినది. పదేళ్ళపాటు సింధియా ఓడల బరువు మొత్తం 75,000 టన్నులు మించకూడదు, తీరవ్యాపారం దాటి పోకూడదు అన్నవి అందులోని షరతులు. అది గౌరవప్రదమైన ఒడంబడిక అని ఎవరూ అనలేరు. ఐతే దానివల్ల కంపెనీ ప్రాణంతో మిగిలినది. వంగితే నిలుస్తామన్న చోట వంగడం కూడ వ్యాపారంలో భాగమే.

అటుపై పోరాటం శాసనసభకు మారినది. ఏ దేశం తీరవ్యాపారం ఆ దేశపు ఓడలకే చెందాలని ఇతర దేశాలలో చట్టాలున్నవి. అట్టి చట్టం ఇక్కడ కూడ కావాలని 1928లో సారాభాయి హాజీగారు కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు. 1929లో నరోత్తం మొరార్జీగారు మోటారు ప్రమాదంలో మరణించగా వాల్‌చంద్‌గారు సింధియాకు అధ్యక్షులయ్యారు. 1950 పర్యంతం ఆ పదవిలో ఉన్నారు. తీరవ్యాపారం స్వదేశీ ఓడలకు దక్కడం స్వాతంత్ర్యం తరువాతనే సాధ్యమైనది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సింధియా కంపెనీ పెద్దదైన తరువాత, 1930 తరువాతి సంవత్సరాలలో, పడమటి తీరంలోని చిన్న స్వదేశీ ఓడల కంపెనీలకు దానితోనే పేచీ వచ్చినది. పెద్ద కంపెనీ చేతిలో తాము పడ్డ బాధనే ఆ చిన్నవారు సింధియాపై చెప్పుకొన్నారు. పోటీలో పెరిగినవాడు పోటీని ప్రేమిస్తాడన్న నియమం లేదు. దేశానికి వర్తకులు అవసరమైనట్లే, ఆ వర్తకులకు హద్దులు చెప్పే న్యాయమూ అవసరం.

విశాఖపట్నంలో ఓడల కర్మాగారం

ఇంకొకరు కట్టిన ఓడలు కొని నడిపినంతకాలం మన వ్యాపారం వారి దయమీద ఉన్నట్లే. అందుచేత ఓడలు ఇక్కడే కట్టాలని వాల్‌చంద్‌గారు నిశ్చయించారు. మొదట కలకత్తాలో స్థలం అడిగారు. తగిన షరతులపై దొరకలేదు. అప్పుడు చూపు విశాఖపట్నంమీద పడినది. అక్కడి కొత్త రేవు 1933లో తెరిచినది. లోపలికి చొచ్చుకొనివచ్చిన నీరు, గాలివానకు అడ్డుగా కొండ, వెనుక రైలుబాట ఉన్నవి. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు.

యుద్ధ సమయం కావడంచేత యంత్రాలు రావడం దుర్లభమైనది. పది నెలలు తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్నంమీద బాంబులు వేశారు. జనం ఊరు విడిచి పారిపోయారు. కర్మాగారం యంత్రసామగ్రిలో చాలా భాగం బొంబాయికి తరలించవలసి వచ్చినది. కట్టిన గోడలు, పెట్టిన సొమ్ము అట్లాగే పడి ఉన్నవి. యుద్ధం ముగిసిన తరువాత మళ్ళీ పని మొదలయినది. 1948 మార్చి 14వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు జల ఉష అనే 8,000 టన్నుల ఓడను నీటిలోకి దింపారు. స్వతంత్ర భారతదేశంలో కట్టి దింపిన మొదటి పెద్ద స్టీమరు అదే.

ఐనా కష్టాలు తీరలేదు. ఇక్కడ కట్టిన ఓడకు ఇంగ్లండులో కట్టిన ఓడకంటె ఖర్చు ఎక్కువ. ఉక్కు పలకలు, ఇంజన్లు పరదేశాలనుంచి రావాలి. కొత్తగా పని నేర్చుకొనేవారి చేతిలో కాలహరణం ఎక్కువ. ఒక కంపెనీ వాటాదారుల సొమ్ముతో అంత భారం మోయడం సాధ్యం కాలేదు. 1952 జనవరిలో కర్మాగారం హిందుస్థాన్ షిప్‌యార్డు అనే పేరుతో కొత్త కంపెనీ అయినది. మూడింట రెండు వంతుల వాటా ప్రభుత్వానిది. 1961లో మిగిలిన వాటా కూడ ప్రభుత్వమే తీసుకొన్నది. కర్మాగారం నేటికీ ఉన్నది. దాని పక్కన ఉన్న పేటను విశాఖ ప్రజలు నేటికీ సింధియా అనే పిలుస్తారు. ఆ పేరు ఒక ఓడల కంపెనీదని అక్కడ బస్సు దిగేవారిలో ఎందరికి తెలుసో!

విమానాలు, మోటార్లు

1939లో పసిఫిక్ మహాసముద్రంమీద విమాన ప్రయాణంలో వాల్‌చంద్‌గారికి విలియం పాలీ అనే అమెరికను విమాన వ్యాపారి పరిచయమయ్యాడు. ఆ మాటలలోనుంచి మన దేశంలో విమానాల కర్మాగారం పెట్టవలెనన్న ఆలోచన పుట్టినది. మైసూరు దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ గారు స్థలమిచ్చి, సంస్థానం తరఫున పెట్టుబడి కూడ పెట్టించారు. 1940 డిసెంబరు 23వ తేదీన బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ రిజిస్టరు అయినది. ఎనిమిది నెలలకు, 1941 ఆగస్టులో, మొదటి శిక్షణ విమానం ఎగిరినది. జపాను యుద్ధం దగ్గరకు వచ్చేసరికి కర్మాగారం ప్రభుత్వానికి అత్యవసరమైనది. 1942 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం వాల్‌చంద్‌గారి వాటాలు కొని యాజమాన్యం తీసుకొన్నది. నేడు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అని పిలువబడే పెద్ద సంస్థకు మూలం అదే.

మోటారు కార్ల సంగతి కూడ అట్లాగే నడిచినది. అమెరికాలో ఫోర్డు కంపెనీతో ఏర్పాటు కుదరలేదు, క్రైస్లరు కంపెనీతో కుదిరినది. యుద్ధ కాలంలో ప్రభుత్వం ప్రోత్సాహమివ్వలేదు. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఏర్పడి, 1947లో బొంబాయి కుర్లాలోని కర్మాగారంనుంచి మొదటి కారు బయటికి వచ్చినది. నాసిక్ జిల్లా రావళ్‌గాఁవ్‌లోను, పూనా జిల్లాలో ఆయన పేరనే వెలసిన వాల్‌చంద్‌నగరులోను బంజరు భూములు చెరకు తోటలైనవి, చక్కెర మిల్లులు లేచినవి.

ఏమి మిగిలినది?

వాల్‌చంద్‌గారు ఒక్కడుగా పనిచేసినవారు కారు. వర్తకులంతా ఒక మాటమీద ఉంటేనే ప్రభుత్వం వింటుందని ఆయన నమ్మకం. బొంబాయిలో వర్తక సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. 1927లో మహారాష్ట్ర చేంబర్ ఆఫ్ కామర్సు స్థాపించారు. అఖిల భారత వర్తక సంఘాల సమాఖ్యకు 1932-33లో అధ్యక్షత వహించారు.

1949లో పక్షవాతం వచ్చినది. మరుసటి ఏడు వ్యాపార బాధ్యతలనుంచి తప్పుకొన్నారు. భార్య కస్తూరిబాయిగారు దగ్గర ఉండి సేవచేశారు. 1953 ఏప్రిల్ 8వ తేదీన గుజరాతులోని సిద్ధపూరులో వాల్‌చంద్‌గారు పరమపదించారు. 2004లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ వెలువరించినది. సాంగ్లీలోను షోలాపూరులోను ఆయన పేర కళాశాలలున్నవి.

చిట్టా విప్పి చూస్తే ఆయన ఖాతాలో నష్టాలు తక్కువేమీ కాదు. మొదటి ఓడ తుక్కు అయినది. విమానాల కర్మాగారం రెండేళ్ళు నిండకుండానే చెయ్యి దాటినది. ఓడల కర్మాగారం ప్రభుత్వపరమైనది. సింధియా కంపెనీ ఓడలు నేడు సముద్రంమీద లేవు, ప్రీమియరు కార్లు కర్మాగారంనుంచి రావడం మానినవి. ఒకేసారి ఎక్కువ పనులు నెత్తికెత్తుకొన్నారని, ప్రభుత్వ సహాయం లేనిదే నిలువని పరిశ్రమలు పెట్టారని ఆనాడే విమర్శించినవారున్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు.

కాని దేశం ఖాతా వేరుగా రాయాలి. బెంగుళూరులో విమానాలు కట్టే కర్మాగారం ఉన్నది. విశాఖలో ఓడలు కట్టే రేవు ఉన్నది. సొరంగాలు తవ్విన, వంతెనలు కట్టిన అనుభవం మన ఇంజనీర్ల చేతిలో ఉన్నది. ఈ పనులలో చేరి బ్రతికిన కుటుంబాలు వేలకొలది. ప్రభుత్వం తీసుకొన్న కర్మాగారం కూడ, మొదట ఎవరో ఒకరు తన సొమ్ము పణంగా పెట్టి నిలబెట్టినదే. ఆర్థిక వ్యవస్థలో వర్తకుని పాత్ర ఇదే. ఎవరూ దిగని నీటిలో మొదట దిగి లోతు చూడడం, ఆ లోతుకు తగిన మూల్యం తాను చెల్లించడం.

అందరూ ఓడలు కట్టలేరు, విమానాలు ఎగురవేయలేరు. వారసత్వంగా వచ్చిన పత్తి, బట్ట, నగ, ధాన్యం వ్యాపారాలు చిన్నవీ కావు, తక్కువవీ కావు. ఐనా దీపావళినాడు కొత్త పుస్తకం పూజచేసి లెక్క ప్రారంభించే ప్రతి ఇంటిలోను, మిగులు సొమ్ములో ఒక పాలు వడ్డీకి పోకుండా పదిమందికి పని కల్పించే మార్గంలో పడినదా అని పెద్దలు చూచుకోవడం మంచిది. కూడబెట్టినది మితిమీరి నిలువ ఉంచకూడదన్న మన ధర్మానికి కూడ అది విరుద్ధం కాదు. హీరాచంద్ నేమచంద్ గారి కుమారుడు తండ్రి పెట్టెలోని సొమ్మును బార్సీ రైలుకట్ట మట్టిలో పోసిననాడు చూచినవారు దానిని నష్టమనే అనుకొని ఉండవచ్చు. ఆ మట్టిలోనుంచే ఇంతటి చరిత్ర లేచినది.